ఇంటి ముచ్చటలు: పాటపెట్టెలోని రొద



గడచిన మాసమున ఊరుగాయ జాడీలను గూర్చి వ్రాసితిని. ఈ మాసము పాటపెట్టెను గూర్చి వ్రాయవలసివచ్చినది. "ఇది మెకానికుల పని గదా, ఈమెకేల?" యని కొందఱు నవ్వుదురేమో. నవ్వినను సరియే. ఆ పెట్టె యుండునది మన యింటిలో. తెల్లవాఱుజామున దాని మీట నొక్కునది మనము. దుమ్ము తుడుచునది మనము. దానివలన కీడు మూడినచో ముందుగా తగులునదియు మన చేతులకే. కావున దాని రొదలలో ఏది సహజమో, ఏది రోగమో, ఏది యపాయమో కొంత తెలిసియుండుట మంచిది. నేను దీనిని పుస్తకములలో నేర్వలేదు. మా యింట జరిగిన యొక సంగతివలన నేర్చుకొంటిని.

మా మామగారు చిత్తూరు చేరువ పల్లెలో పురాణము చెప్పుచుండెడివారు. ఆయన గతించి చాల యేండ్లయినది. మావారు పదుమూడేండ్ల బాలుడై యున్నప్పుడు తండ్రిగారు చదువుచుండగా గజేంద్రమోక్షమును, రుక్మిణీకల్యాణమును మూడు క్యాసెట్టులలో పట్టియుంచిరి. మేము తిరుపతికి కాపురము వచ్చిన తరువాత మా యత్తగారికి నిత్యకృత్యమొకటి యేర్పడినది. తెల్లవాఱుజామున స్నానము చేసి, టీవీలో భక్తి ఛానలు పెట్టి సుప్రభాతము విందురు. పిదప క్యాసెట్టు ఒక ప్రక్క విందురు. టీవీ పలుకును, క్యాసెట్టు పలుకును ఒకే యాంప్లిఫయరు పెట్టెగుండ రెండు స్పీకర్లకు పోవును. ఆ పెట్టె మామగారు కొన్నదే. ఇనుప తొడుగుతో బరువుగా నుండును.

రెండేండ్ల క్రిందట దానిలో గుయ్యిమను రొద యొకటి పుట్టినది. మొదట అత్తగారు దానిని విని, "ఏమమ్మా, మీ మామగారి వెనుక ఎవరో తంబుర మీటుచున్నారే!" యనిరి. మామగారు శ్రుతిపెట్టెయైనను లేక చదివెడివారు. క్యాసెట్టు నిలిపినను ఆ తంబుర నిలువలేదు. నానాటికి రొద పెరిగి, ఆయన మెల్లగా పలుకు చోట్ల మాట వినరాకపోయెను. అత్తగారు చెవి స్పీకరునకు ఆనించి కూర్చుండుట చూచి మా మనస్సులు కలగినవి.

ఒక పనివానిని పిలిపించితిమి. ఆతడు పెట్టె నటునిటు త్రిప్పి, ప్లగ్గు విప్పి, అందలి మూడు తీగలలో పచ్చతీగను కత్తిరించి తీసివేసి, "ఇంక రొద యుండదమ్మా" యని చెప్పి వెడలెను. నిజముగనే రొద మాయమైనది. అతని నేర్పునకు మేము మెచ్చుకొని అడిగినదానికంటె ఎక్కువయే యిచ్చితిమి.

ఆ పచ్చతీగయే ఎర్తు తీగ.

మూడు నెలలు గడచినవి. వానకాలము. ఒకనాటి తెల్లవాఱుజామున అత్తగారు మడితో, తడిబట్టతో, తడినేలమీద వట్టికాళ్ళతో నిలిచి క్యాసెట్టు పెట్టి, రెండవ చేతితో యాంప్లిఫయరు పెట్టెను తాకిరి. కేక వినబడినది. మేము పరుగెత్తుసరికి ఆమె క్రిందపడియుండిరి. పడుటయే మేలైనది, చేయి విడివడినది. మావారు ముందుగా మెయిను స్విచ్చి ఆపి, పిమ్మట తల్లిని లేవదీసిరి. మోచేయి చీరుకొనినది, గుండె దడ గంటసేపు తగ్గలేదు. వైద్యుడు పరీక్షించి భయము లేదనెను గాని, తాకిన చేయి పెట్టెను పట్టుకొనిపోయియుండిన యెడల మాట వేఱుగా నుండెడిదని కూడ చెప్పెను.

తరువాత వచ్చిన ముసలి ఎలక్ట్రీషియను టెస్టరును పెట్టె యినుముపై నుంచగా దానిలో దీపము వెలిగెను. లోపల ట్రాన్స్‌ఫార్మరు కడ తీగ పైతొడుగు వేడికి పొడిపొడియై, లోని రాగి యినుప తొడుగునకు తగులుచున్నది. "ఎర్తు తీగ యుండియుంటే ఆ తగిలిన క్షణముననే కరెంటు నేలలోనికి పోయి ఫ్యూజు కొట్టివేసియుండునమ్మా; పెట్టె చచ్చియుండును, మనిషికి ఏమియు కాకుండును" అనెను. ఇంతకును రొదకు కారణము ఆ పెట్టెలో లేనే లేదు. అది టీవీకి వచ్చు కేబులులో నున్నది.

అది యెట్లనగా, మా యాంప్లిఫయరునకు ఎర్తు మా పెరటిలోని గుంటనుండి వచ్చుచున్నది. వీథిలోనుండి వచ్చు కేబులు తీగకు పైనున్న అల్లిక మఱెక్కడనో నేలకు తగిలియున్నది. రెండు బావుల నీటిమట్టములు సమముగా లేనప్పుడు నడుమ కాలువ త్రవ్వినచో నీరు ప్రవహించును గదా. అట్లే ఆ రెండు నేలల నడుమ నుండు స్వల్పమైన భేదమువలన కేబులు అల్లికగుండ, టీవీగుండ, పాట తీగగుండ కొంచెము విద్యుత్తు పాఱుచుండును. మన దేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 మాఱులు అటునిటు ఊగును. ఆ యూపును పాటలో కలిపికొని యాంప్లిఫయరు పెద్దది చేసి వినిపించుచున్నది. అదియే అత్తగారి తంబుర. పనివాడు పచ్చతీగ తీయగానే రెండవ బావి పూడినట్లయి ప్రవాహము నిలిచినది; దానితోపాటు కావలియు పోయినది.

దీనికి నిజమైన మందు చాల సులభము. టీవీనుండి కేబులు మరను విప్పి చూడవలెను. రొద టక్కున ఆగినచో దొంగ దొరికినట్లే. అప్పుడు టీవీకిని యాంప్లిఫయరునకును నడుమనున్న పాట తీగలో ఐసొలేటరు అను చిన్న డబ్బీని పెట్టింపవలెను. అందు రెండు తీగచుట్టలుండును. పాట ఒకదానినుండి రెండవదానికి అయస్కాంతబలముచే దాటును గాని, తీగ తీగను తాకదు. మేము దానినే పెట్టించితిమి. ప్లగ్గుకు పచ్చతీగ మరల వేయించితిమి. పెట్టెలోని చెడిన తీగలను మార్పించితిమి. మెయిను పెట్టెకడ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే కొట్టివేయు బ్రేకరు నొకటి పెట్టించితిమి. దానిమీద పరీక్షమీట యుండును; నెలకొకమాఱు నేనే నొక్కి చూచుచున్నాను. ఆ బ్రేకరున్నదని ఎర్తును వదలరాదు. ఇంటికి తలుపును కావలె, గడియయు కావలె.

ఎవరైన మీ యింటికి వచ్చి మూడు పుల్లల ప్లగ్గులోని లావుపుల్లను విఱుచుటయో, పచ్చతీగను కత్తిరించుటయో, మూడు పుల్లలదానిని రెండు రంధ్రములలో దూర్చు తుంటను పెట్టుటయో చేసి "రొద పోయినది చూడుడు" అన్నచో, ఆ క్షణముననే కాదనుడు. మొగమాటపడవలదు. కొన్ని పెట్టెలు పుట్టుకతోనే రెండు పుల్లలతో వచ్చును. వాని వెనుక చదరములో చదరము గీచిన గుర్తుండును. అవి రెండు పొరల కాపుదలతో చేసినవి, వాని సంగతి వేఱు. మూడు పుల్లలతో వచ్చినదానికి మూడును ఉండవలసినదే.

మన సీమకు ప్రత్యేకమైన మాట యొకటి యిచటనే చెప్పెదను. చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో నేల చాలచోట్ల రాతినేల. వేసవిలో ఎండి బిగిసిపోవును. ఎర్తు గుంటలో ఉప్పును బొగ్గును పొరలుగా వేయుట తడి నిలుచుటకే. తడి లేనిచో ఎర్తు పేరునకు మాత్రమే ఎర్తు. మా అవ్వగారి యింట వెనుకటి వాల్వు రేడియో యుండెడిదట. మిద్దెమీద ఏరియలు తీగయు, బావిగట్టు కడ నేలలో పాతిన ఎర్తు తీగయు నుండెడివనియు, 1938లో ప్రారంభమైన మద్రాసు రేడియో కేంద్రపు పాటలు వేసవిలో సన్నగిల్లినప్పుడు తాతగారు ఆ తీగ మొదట చెంబెడు నీళ్ళు పోయుమని పురమాయించెడివారనియు మా యమ్మ చెప్పుచుండును. ఆ చెంబును మేము మానివేసితిమి గాని ఆ యవసరము తీరలేదు. ఇప్పుడు తులసికోటకు నీరు పోసిన చేతితోనే వారమునకు రెండుమాఱులు ఎర్తు గుంటలోను బిందెడు నీరు పోయుచున్నాను.

మీ యింట పెట్టె గుయ్యిమన్నచో ఏమి చూడవలెనో, మా ముసలి ఎలక్ట్రీషియను నేర్పినదే చెప్పుదును. మొదట వాల్యూము మీటను సున్నకు త్రిప్పుడు. రొద తగ్గినచో అది వెలుపలినుండి, అనగా టీవీ, క్యాసెట్టు, ఫోను మొదలగువాని తీగలగుండ వచ్చుచున్నది. పెట్టె నాపి ఒక్కొక్క తీగను తీసి, మరల పెట్టి వినుడు; ఏది తీసినప్పుడు ఆగునో అదియే మూలము. ఫోనును ఛార్జరుకు తగిలించి పాట పెట్టినప్పుడే రొద వచ్చుచుండిన, ఛార్జరు తీసిన పోవును. ఒక్కొక్కప్పుడు పాట తీగ కొస వదులైనను, కరెంటు తీగను ఆనుకొనిపోవుచున్నను ఇట్లే యగును. గట్టిగా బిగించి, రెండింటిని జానెడు దూరము జరిపిన చాలును. పెట్టెలన్నిటిని ఒకే బోర్డులో పెట్టుటయు మేలు.

వాల్యూము సున్నయైనను రొద చెక్కుచెదరనిచో రోగము లోపలనే యున్నది. చాలవఱకు కండెన్సరులు ముదిసినవనుట. విద్యుత్తులోని యూపును మట్టము చేయుట వాని పని. అవి యెండిపోయినప్పుడు సెకనుకు 100 ఊపుల రొద, ముందటిదానికంటె ఒక స్థాయి హెచ్చుగా వినబడును. సంగీతము నేర్చిన సోదరీమణులు మంద్రషడ్జమునకును మధ్యషడ్జమునకును గల భేదము వలె దీనిని చెవితోనే పట్టగలరు. దీనికి మెకానికే దిక్కు. మూత మాత్రము మీరు తెఱవవలదు; ప్లగ్గు పీకిన తరువాత కూడ కండెన్సరులలో కాటు మిగిలియుండును. వాల్వు పెట్టెలలో అది ప్రాణాంతకము. అవి త్వరగా ముదియుటకు ముఖ్యకారణము వేడి. మనము ముచ్చటపడి అల్లిన లేసుగుడ్డను పెట్టెమీద కప్పుచున్నాము గదా, గాలి రంధ్రములన్నియు మూసికొనిపోవును. నేనును కప్పినదాననే. మా పెట్టెలో తీగ పొడియగుటలో నా లేసుగుడ్డ పాలు కొంత యున్నదేమో యని యిప్పటికిని అనుకొనుచుందును.

కరెంటు పోయి ఇన్వర్టరుమీద నడచునప్పుడు మాత్రమే రొద వచ్చినచో పెట్టెను తప్పుపట్టవలదు. చవుక ఇన్వర్టరులు నున్నని యలకు బదులు మెట్లమెట్లుగా విద్యుత్తు నిచ్చును. ఫ్యాను సయితము గుఱ్ఱుమనును. ఫ్యాను రెగ్యులేటరు త్రిప్పినప్పుడు మాత్రమే వచ్చు జిరజిర, ఫ్రిజ్జి మొదలగునప్పటి టక్కను చప్పుడు ఇట్టివే. సెల్ ఫోను పెట్టె చెంత నున్నచో గంట మ్రోగుటకు ముందే స్పీకరు టిటిటిట్ అని పలుకును. వెనుకటి తరహా సిగ్నలు సెకనుకు 217 మాఱులు ఆగి ఆగి వెలువడుటచే అట్లగును. మూడడుగులు దూరము పెట్టినచో ఆగును. దానిని విని మా పనిమనిషి "పెట్టెకు ఫోను వచ్చుచున్నదని ముందే తెలిసినది" అని ఆశ్చర్యపడెను.

మీట త్రిప్పునప్పుడు కరకరలాడుట దుమ్మువలన. పెట్టె నాపి, మెకానికుచే దానికై యున్న మందు చల్లించి, మీటను ముప్పది మాఱులు ఆ కొసనుండి ఈ కొసకు త్రిప్పిన పోవును. కొబ్బరినూనె మాత్రము వేయరాదు. మా బంధువులలో నొకరు వేసిరి, ఆరు మాసములలో దుమ్మంతయు జిడ్డుతో గట్టిపడి మీటయే తిరుగకపోయెను. పాట లేనప్పుడు చెవి ఆనించిన వినబడు సన్నని బుస సహజమే. ఏ యాంప్లిఫయరునకైనను అది యుండును. అది దూరమునకును వినబడుచుండిన, ఫోనులోని పలుకును ముప్పాతికవఱకు హెచ్చించి, పెట్టె వాల్యూమును తగ్గించి చూడుడు.

ఇక స్పీకర్లు. పాటలో బరువైన స్వరము వచ్చినప్పుడెల్ల గలగల వినబడినచో ముందుగా స్పీకరును గాక చుట్టుప్రక్కల వెదకుడు. మా యింట నెల దినములు మమ్ము బాధపెట్టిన గలగల, గూటిలోని కంచుగిన్నెకు దాని మూత తగిలి పుట్టినదని చివరకు తేలెను. గిన్నెలన్నియు మౌనముగా నున్నను మ్రోగుచున్న యెడల స్పీకరు కాగితపు గిన్నె చినిగినదో, దాని యంచు బూజుపట్టి రాలినదో చూడుడు. నాలుగు వ్రేళ్ళతో నలుప్రక్కల సమముగా, మెల్లగా లోనికి నొక్కినప్పుడు గీచుకొన్న సవ్వడి యైనచో లోని తీగచుట్ట వంకరపోయినది. చిన్న చినుగునకు పలుచని కాగితము జిగురుతో అంటించి కొంతకాలము గడపవచ్చును.

చిత్తూరునుండి ఒక సోదరి వ్రాసిన లేఖకు కూడ ఇచటనే బదులు చెప్పుదును. వారి యూరి ధర్మరాజు గుడికడ భారతము జరుగు దినములలో పగలు హరికథకు మైకు పెట్టిరట. కథకుడు మెల్లగా పలికినపుడెల్ల మైకు కూయిమని కూసి శోకరసమును చెఱచినదట. మైకు విన్న పలుకు పెద్ద స్పీకరునుండి వెలువడి, మరల మైకులోనే పడి, మరల పెద్దదై, ఇట్లు గిరికీలు తిరుగుటయే ఆ కూత. స్పీకర్లను మైకునకు ముందుప్రక్కకు, జనులవైపునకు త్రిప్పి పెట్టవలెను. మైకును నోటికి చేరువగా పట్టి వాల్యూమును తగ్గింపవలెను. గోడకు ఎదురుగా పెట్టిన స్పీకరు పలుకును వెనుకకు కొట్టును. ఇంటిలో వ్రతములకు అద్దె మైకు తెచ్చువారికిని ఇదియే మాట. ఆ తీగలు తడి ముంగిట పఱచియుండగా పిల్లలు త్రొక్కకుండ చూచుకొనుడు.

కరెంటు తగిలి యెవరైన విడిపించుకొనలేకయున్నచో వారిని చేతితో తాకరాదు. మెయిను ఆపవలెను, అది దూరమైనచో ఎండిన కఱ్ఱతో తీగను త్రోసి, 108కి ఫోను చేయవలెను. మా యింట మావారికి ఆ తెలివి సమయమునకు తోచినది. నాకు తోచలేదు, నేను అత్తగారిమీదికి చేతులు చాచి పరుగెత్తితిని.

రొద పోయిన పిమ్మట మామగారి క్యాసెట్టులు మరల వింటిమి. మొదటి రెండు శుభ్రముగా నున్నవి. మూడవదానిలో మాత్రము సన్నని గుయ్యి యింకను వినబడుచున్నది. యంత్రమును ఎంత సరిచేసినను అది పోదు, ఏలయన నాడు పట్టినప్పుడే అది టేపులో పడినది. టేపు ఆపగానే ఆగినచో అది టేపులోనిదని తెలియవలెను. దానిని కంప్యూటరులోనికి ఎక్కించి 50, 100, 150 ఊపుల చోట్ల మాత్రము కోసివేయవచ్చునట. మితిమీరి కోసినచో గొంతులోని బరువు కూడ తెగిపోవునట. మావారు సెలవులలో మూడు క్యాసెట్టులను ఎక్కించి, మూలము నట్లే యొక ప్రతిగా ఉంచి, రెండవ ప్రతిలోనే కోతలు పెట్టెదమనుచున్నారు. అత్తగారు మాత్రము మూడవదానిని ముట్టుకొనవలదనుచున్నారు. అందు రుక్మిణీకల్యాణము నడుమ, పదుమూడేండ్ల పిల్లవాడు తుమ్మినట్లును, మామగారు చదువు నిలిపి "చిరంజీవ" యన్నట్లును వినబడును.